విల్ట్ 50, జోర్డాన్ 37: పక్కపక్కన పెట్టే ముందు కట్టాల్సిన లెక్కలు

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 1961-62లో విల్ట్ చాంబర్లేన్ సగటు ఆటకు 50.4 పాయింట్లు. 1986-87లో మైకేల్ జోర్డాన్‌ది 37.1. 2005-06లో కోబీ బ్రయంట్‌ది 35.4. 2018-19లో జేమ్స్ హార్డెన్‌ది 36.1. ఈ నాలుగూ వరసగా రాసి విల్ట్‌కి కిరీటం పెట్టేసేవాళ్లు కొందరు. "అప్పుడు డిఫెన్స్ ఎక్కడ ఏడిసింది" అని తీసిపారేసేవాళ్లు ఇంకొందరు. ఈ రెండు వర్గాలూ వదిలేసే పని ఒకటుంది. ఆ ఏడాది ఆట ఎంత వేగంగా నడిచింది, మిగతా ఆటగాళ్లు ఎలా ఆడారు, రూలు దేన్ని ఒప్పుకుంది, దేన్ని ఆపింది అని చూడటం. కాగితం, పెన్ను, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు, చేసేయొచ్చు.

ముందు వేగం. ఒక జట్టు చేతికి బంతి వచ్చి, మళ్లీ ఎదుటి జట్టు చేతికి పోయేదాకా ఒక పొసెషన్. ఒక ఆటలో జట్టుకు ఎన్ని పొసెషన్లు దొరికాయో కట్టడానికి వేసిన షాట్లు తీసుకుని, దానికి ఫ్రీ త్రోలను (ఫౌల్‌కి బదులుగా ఎవరూ అడ్డుకోకుండా బుట్టలోకి వేసేవి) 0.44తో గుణించి కలపాలి, టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకున్నవి) కలపాలి, ఆఫెన్సివ్ రీబౌండ్లు (తాము తప్పిన షాట్‌ను తామే మళ్లీ పట్టుకున్నవి) తీసేయాలి. 0.44 ఎందుకంటే ప్రతి ఫ్రీ త్రోతోనూ పొసెషన్ అయిపోదు. రెండు ఫ్రీ త్రోలు కలిస్తే ఒక పొసెషన్. బుట్ట పడ్డాక వచ్చే అదనపు ఫ్రీ త్రో, టెక్నికల్ ఫౌల్ ఫ్రీ త్రో లెక్కలోకే రావు. అవన్నీ సర్దితే సగానికి కాస్త తక్కువ తేలుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. 1973-74కి ముందు ఎన్‌బీఏలో ఆఫెన్సివ్, డిఫెన్సివ్ రీబౌండ్లు విడివిడిగా రాయలేదు. ఒక్కో ఆటగాడి టర్నోవర్లు 1977-78 నుంచే రాయడం మొదలుపెట్టారు. కాబట్టి 1961-62 వేగం అంటూ ఎవరు చెప్పినా అది అంచనాయే. ఆ అంచనా ప్రకారం 48 నిమిషాలకు జట్టుకు సుమారు 126 పొసెషన్లు. 1986-87లో దాదాపు 101, 2005-06లో 90.5, 2018-19లో 100. అంటే కోబీ 35 పాయింట్లు కొట్టిన ఏడాదితో పోలిస్తే విల్ట్ కాలంలో ప్రతి జట్టుకూ 35 పొసెషన్లు ఎక్కువ దొరికేవి.

ఇప్పుడు ఆటగాడు కోర్టులో ఉన్న నిమిషాలను 48తో భాగించి, ఆ ఏడాది వేగంతో గుణించండి. అతను కోర్టులో ఉండగా జట్టుకు ఎన్ని పొసెషన్లు వచ్చాయో తెలుస్తుంది. విల్ట్ ఆడింది ఆటకు 48.5 నిమిషాలు (ఓవర్‌టైములు కలిశాయి కాబట్టి 48 దాటింది). అంటే 127 పొసెషన్లు, 100కి లెక్కేస్తే 39.6 పాయింట్లు. జోర్డాన్ 40 నిమిషాలు, 84 పొసెషన్లు, 100కి 44.2. కోబీ 41 నిమిషాలు, 77 పొసెషన్లు, 100కి 45.8. హార్డెన్ 36.8 నిమిషాలు, దాదాపు 77 పొసెషన్లు, 100కి 47.1. వరస మొత్తం తలకిందులైంది.

చాలామంది ఇక్కడే ఆపేసి "చూశారా, విల్ట్ గాలి బుడగ" అంటారు. తొందరపాటు. నేను వాడింది లీగ్ సగటు వేగం. సొంత జట్టు వేగం వాడితే అంకెలు ఇంకాస్త జరుగుతాయి. జోర్డాన్ జట్టు బుల్స్ ఆ ఏడాది లీగ్ కంటే నెమ్మదిగా ఆడింది కాబట్టి అతని అంకె 46 దగ్గరికి వెళ్తుంది. విల్ట్ జట్టు వారియర్స్ ఇంకా వేగంగా ఆడింది కాబట్టి అతనిది ఇంకాస్త దిగుతుంది. ఏది వాడినా పర్వాలేదు, అందరికీ ఒకటే వాడాలి. ఒకరికి లీగ్ వేగం, మరొకరికి జట్టు వేగం పెట్టి తనకు నచ్చినవాణ్ని గెలిపించుకునే పోస్టులు బోలెడు.

అంతకంటే పెద్ద లోపం నిమిషాలను చెరిపేయడం. 1961-62 సీజన్ మొత్తంలో విల్ట్ కోర్టు బయట ఉన్నది సుమారు 8 నిమిషాలు. ఒక ఆటలో రిఫరీ బయటికి పంపేశాడు కాబట్టి ఆ 8 నిమిషాలైనా వచ్చాయి. 80 ఆటలు అలా ఆడేవాడు ప్రతి పొసెషన్‌లోనూ హార్డెన్‌లా ఊపు చూపించలేడు, మధ్యలో ఊపిరి దాచుకుంటాడు. 100 పొసెషన్ల లెక్క ఆ దాచుకున్న ఊపిరికి జరిమానా వేస్తుంది. అందుకని ఆ అంకె పక్కన నిమిషాలు కూడా రాసి పెట్టుకోవాలి. ఒకటి చూపించి ఇంకోటి దాస్తే సగం లెక్కే.

తర్వాత చూడాల్సింది ఎన్ని కొట్టాడన్నది కాదు, ఎంత పొదుపుగా కొట్టాడన్నది. దీనికి ట్రూ షూటింగ్ వాడతారు. పాయింట్లను, (షాట్లు + 0.44 × ఫ్రీ త్రోలు) మొత్తానికి రెట్టింపుతో భాగించాలి. విల్ట్ ఆటకు 39.5 షాట్లు, 17 ఫ్రీ త్రోలు వేశాడు. 0.44 × 17 అంటే 7.5. 39.5తో కలిపితే 47, రెట్టింపు 94. 50.4ని 94తో భాగిస్తే 53.6 శాతం. ఇప్పటి కళ్లతో చూస్తే ఇది మామూలు అంకె. కానీ ఆ ఏడాది లీగ్ సగటు 47.9. విల్ట్ దానికంటే 5.7 పైన ఉన్నాడు, అదీ ఫ్రీ త్రోలు 61 శాతమే వేస్తూ.

మిగతావాళ్లకూ అదే చేద్దాం. జోర్డాన్ 1986-87లో 56.2, లీగ్ 53.8, తేడా 2.4. కోబీ 55.9, లీగ్ 53.6, తేడా 2.3. హార్డెన్ 61.6, లీగ్ 56, తేడా 5.6. వేగం లెక్కలో చివరికి పడిన విల్ట్ పొదుపు లెక్కలో మళ్లీ పైకి లేచాడు. జోర్డాన్ అభిమానులు నొచ్చుకోనక్కర్లేదు. 37.1 అతని పెద్ద అంకె మాత్రమే, మంచి ఏడాది 1990-91. సగటు 31.5కి దిగింది, ట్రూ షూటింగ్ 60.5కి ఎక్కింది, తేడా 7కి పైగా. 2015-16లో స్టెఫెన్ కర్రీ 30.1 పాయింట్లు, 66.9 శాతం, లీగ్ 54.1. తేడా 12.8. సగటు 30 పాయింట్లు కొట్టేవాడు లీగ్ కంటే అంత పైన ఉండటం నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో అతి విచిత్రమైన అంకె, విల్ట్ 50 కంటే కూడా.

రీబౌండ్లది మరీ తేలిక, అయినా ఎక్కువ మంది పప్పులో కాలేసేది ఇక్కడే. 1961-62లో ఆస్కార్ రాబర్ట్‌సన్ సీజన్ సగటే ట్రిపుల్ డబుల్ (మూడు అంశాల్లో పదికి తగ్గకుండా): 30.8 పాయింట్లు, 12.5 రీబౌండ్లు, 11.4 అసిస్టులు (బుట్ట పడేలా ఇచ్చిన పాస్‌లు). 55 ఏళ్ల తర్వాత, 2016-17లో రసెల్ వెస్ట్‌బ్రూక్: 31.6, 10.7, 10.4. రీబౌండ్ దొరకాలంటే ముందు ఎవరో షాట్ తప్పాలి. ఆస్కార్ కాలంలో ఒక్కో జట్టు ఆటకు 107 షాట్లు వేసి 43 శాతం కూడా వేయలేకపోయేది. కాబట్టి జట్టుకు సుమారు 70 రీబౌండ్లు దొరికేవి. 2016-17లో 43.5. ఆస్కార్ 12.5ని ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 7.8. అది కూడా 44 నిమిషాల్లో. వెస్ట్‌బ్రూక్ 10.7 తెచ్చింది 35 నిమిషాల లోపే. రీబౌండ్లలో వెస్ట్‌బ్రూక్‌దే పైచేయి.

అసిస్టుల దగ్గర ఇదే మందు వాడితే వికటిస్తుంది. 1961-62లో షాట్లు అన్ని ఎక్కువ పడినా, జట్టుకు సగటు అసిస్టులు 24 దగ్గరే. 2016-17లో 22.6. పడిన షాట్లలో అసిస్టు రాసింది అప్పుడు సగానికి కాస్త ఎక్కువ, 2016-17లో 58 శాతం దాకా. అప్పట్లో పాస్ అందుకున్నవాడు ఒకటి రెండు సార్లు డ్రిబుల్ చేసి కొడితే స్కోరు రాసేవాళ్లు అసిస్టు రాయడానికి వెనకాడేవారు. కాబట్టి ఆస్కార్ 11.4ని వేగం పేరుతో కోసేయడం అన్యాయం. రీబౌండ్లు కోయండి, అసిస్టులు ముట్టుకోకండి.

పట్టికలో ఖాళీగా ఉన్న గళ్లతోనూ జాగ్రత్త. బ్లాకులు (ఎదుటివాడి షాట్‌ను గాల్లోనే ఆపడం), స్టీల్స్ (బంతి లాక్కోవడం) 1973-74 నుంచే రాశారు. బోస్టన్ జట్టు ఆటగాడు బిల్ రసెల్ 1969లో, విల్ట్ 1973లో ఆట మానేశారు. వాళ్ల ఖాతాలో బ్లాకులు లేవంటే ఎవరూ రాయలేదనే అర్థం. ఫైనల్స్ ఎంవీపీ (ఫైనల్స్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు) 1969లో పుట్టింది (మొదటిది ఓడిపోయిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కు దక్కింది), అదే రసెల్ ఆఖరి సీజన్. ఇప్పుడు ఆ ట్రోఫీకి రసెల్ పేరే ఉంది, అతని దగ్గర మాత్రం అది ఒక్కటీ లేదు. ఉత్తమ డిఫెండర్ అవార్డు 1982-83లో వచ్చింది. "ఎవరి దగ్గర ఎన్ని అవార్డులు" అని పట్టిక వేసేవాళ్లు ముందు ఏ అవార్డు ఏ ఏడాది పుట్టిందో రాసుకోవాలి. జూలియస్ ఎర్వింగ్‌ది ఇంకో రకం నష్టం. అతని మొదటి 5 సీజన్లు అప్పటి పోటీ లీగ్ ఏబీఏలో గడిచాయి. రెండు లీగులూ కలిపితే 30,000 దాటిన పాయింట్లు, ఎన్‌బీఏ పట్టికలో 18,364గానే కనిపిస్తాయి.

ఇప్పటిదాకా చెప్పింది అంకెల సంగతి. రూళ్లు అంత సులువుగా లొంగవు, ఎందుకంటే రూలు మారితే అంకె ఒక్కటే కాదు, ఆటగాడు నేర్చుకునే ఆటే మారిపోతుంది. రూలు ప్రభావం కొలవడానికి నాకు తెలిసిన మంచి దారి, అదే మనిషిని మార్పుకు ముందు ఏడాదిలో, తర్వాత ఏడాదిలో చూడటం.

మినియాపొలిస్ జట్టు ఆటగాడు జార్జ్ మైకన్‌ది శుభ్రమైన ఉదాహరణ. బుట్ట ముందు లేన్ (దాడి చేసేవాడు మూడు సెకన్లకు మించి నిలబడకూడని చోటు) వెడల్పు 6 అడుగులే ఉన్నప్పుడు అంచున నిలబడి చెయ్యి చాపితే చాలు. 1951-52 నుంచి దాన్ని 12 అడుగులు చేశారు. 28.4 ఉన్న మైకన్ సగటు ఒక్క ఏడాదిలో 23.8కి, షూటింగ్ 42.8 నుంచి 38.5 శాతానికి పడిపోయింది. అదే మందు విల్ట్ మీద పారలేదు. 1964-65లో లేన్‌ని 16 అడుగులకు పెంచారు. 36.9 ఉన్న సగటు 34.7 అయింది, అంతే. విల్ట్‌ని "బుట్ట కింద నిలబడ్డ పొడుగోడు" అనేవాళ్లకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

షాట్ క్లాక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 1950 నవంబర్ 22న ఫోర్ట్ వేన్ 19, మినియాపొలిస్ 18 అనే స్కోరుతో ఆట ముగిసింది. ఆ 18లో 15 మైకన్‌వే. 1954-55లో 24 సెకన్ల గడియారం (ఆలోగా షాట్ వేసేయాలి) వచ్చాక జట్టు సగటు 79.5 నుంచి 93.1కి ఎగబాకింది. ఆ మార్పుకు ముందు, తర్వాత పాయింట్లను నేరుగా పోల్చడం వృథా శ్రమ.

మూడు పాయింట్ల గీత (దాని అవతలి నుంచి కొడితే రెండుకు బదులు మూడు) దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 1979-80లో వచ్చినప్పుడు పైన 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. స్కోర్లు పడిపోతున్నాయని 1994-95 నుంచి మూడు సీజన్లు చుట్టూ 22 అడుగులకే కుదించారు. 1997-98లో మళ్లీ వెనక్కి జరిపారు. జోర్డాన్ కెరీర్ మూడు పాయింట్ల శాతం 32.7. దగ్గరి గీత ఉన్న 1995-96లో 260 వేసి 111 కొట్టాడు, 42.7 శాతం. మరుసటి ఏడు 297కి 111. గీత వెనక్కి వెళ్లిన 1997-98లో 126కి 30, అంటే 23.8 శాతం. వయసు కూడా పెరిగింది, నిజమే. కానీ ఒక్క ఏడాదిలో అంత పడిపోవడానికి వయసొక్కటే కారణం కాదు. "జోర్డాన్ ఇప్పుడు ఆడితే మూడు పాయింట్లు కూడా అలవోకగా కొట్టేవాడు, 1996లో 43 శాతం" అనే వాదన విన్నప్పుడల్లా ఆ 22 అడుగులు గుర్తు చేయండి. మన దగ్గర ఆడేవాళ్లకు ఆ దూరం బాగా తెలిసిందే. 22 అడుగులంటే 6.71 మీటర్లు. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా అంతర్జాతీయ సమాఖ్య ఫీబా కొలతలతో గీసిన కోర్టు మీద గీత దూరం 6.75.

అసలు యుద్ధమంతా హ్యాండ్ చెకింగ్ మీద. "జోర్డాన్ నడుము మీద చెయ్యి వేసి ఆపేవాళ్లు, ఇప్పుడు ముట్టుకుంటే ఫౌల్, ఈ రోజుల్లో అయితే 45 కొట్టేవాడు" అంటారు. మొదటి సగం నిజం. బంతి ఉన్నవాడి తుంటి మీద చెయ్యి పెట్టి డిఫెండర్ అతని దారి మళ్లించగలిగేవాడు. 1994-95లో దీన్ని కొంత కట్టడి చేశారు, 2004-05 నుంచి గట్టిగా ఆపేశారు. ఆ ఏడాది లీగ్ సగటు 93.4 నుంచి 97.2కి పెరిగింది.

దీని మరో వైపు ఎవరూ చెప్పరు. 2001 దాకా ఇల్లీగల్ డిఫెన్స్ రూలుండేది. డిఫెండర్ ఎవరో ఒకరిని కాపలా కాయాలి. లేదంటే పూర్తిగా వెళ్లి బంతి ఉన్నవాడి మీద డబుల్ టీమ్ (ఇద్దరు కలిసి ఒకరిని కాయడం) చేయాలి. రెంటి మధ్య తచ్చాడితే మొదటిసారి హెచ్చరిక, తర్వాత టెక్నికల్ ఫ్రీ త్రో. కోచ్‌లు దీన్ని ఎలా వాడుకున్నారంటే, షాట్ వేయడం రానివాళ్లను కూడా కోర్టు అవతలి పక్క దూరంగా నిలబెట్టేవారు. వాళ్లను కాసే డిఫెండర్లు వాళ్లతో పాటు అక్కడే ఇరుక్కుపోవాలి. ఇవతలి పక్క స్టార్ ఆటగాడు, అతని డిఫెండర్, మధ్యలో ఖాళీ మైదానం. చేతులతో ఆపొచ్చు గానీ, వెనక సాయం ముందుగానే వచ్చి నిలబడకూడదు.

2001-02 నుంచి జోన్ (మనిషిని కాకుండా చోటును కాయడం) ఆడొచ్చు. షాట్ రానివాణ్ని గాలికి వదిలేసి అతని డిఫెండర్ ముందే వచ్చి దారిలో నిలబడొచ్చు. దానికి పగ్గంగా డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ పెట్టారు. దగ్గర్లో ఎవరినీ కాయకుండా లేన్‌లో మూడు సెకన్లు దాటి ఉంటే ఎదుటి జట్టుకు ఒక ఫ్రీ త్రో, బంతి కూడా వాళ్లదే. ఫీబాలో ఈ రూలు లేదు కాబట్టి మన టోర్నమెంట్లలో పొడుగాటి సెంటర్ లేన్‌లోనే తిష్ట వేసుకోవచ్చు. ఆ కళ్లతో ఎన్‌బీఏ చూస్తే "లోపల ఎవరూ ఎందుకు లేరు" అనిపించేది అందుకే.

ఇప్పుడు కాలాలను రూళ్ల ప్రకారం విడగొడితే మూడు తేలతాయి. 2001 దాకా చెయ్యి ఉంది, జోన్ లేదు. 2004-05 నుంచి జోన్ ఉంది, చెయ్యి లేదు. మధ్యలో 2001 నుంచి 2004 దాకా మూడు సీజన్లు, జోన్ వచ్చేసింది, చెయ్యి ఇంకా పోలేదు. పాయింట్లు కొట్టేవాడికి నరకం అదే. లీగ్ సగటు 93.4కి పడింది ఆ కాలంలోనే, మూడు పాయింట్ల షాట్లతో కోర్టు విప్పార్చే పద్ధతి కూడా ఇంకా రాలేదు. అందుకే 2002-03లో ట్రేసీ మెక్‌గ్రేడీ 32.1ని నేను చాలా పెద్దగా చూస్తాను. వేగం 91, నిమిషాలు 39.4, అంటే 100 పొసెషన్లకు 43. ట్రూ షూటింగ్ 56.4, లీగ్ 51.9, తేడా 4.5. జోర్డాన్ 37.1తో పక్కపక్కన పెడితే 100 పొసెషన్లకు ఒక పాయింట్ తక్కువ, పొదుపులో 2 ఎక్కువ. గొప్పవాళ్ల జాబితాల్లో మెక్‌గ్రేడీ పేరు ఎంత కిందికి ఉంటుందో తెలిసిందే. ఆ జాబితాలు వేసేవాళ్లు 32, 37 అనే అంకెలే చూస్తున్నారు.

నైపుణ్యాన్ని మాత్రం ఏ నిష్పత్తీ మార్చి ఇవ్వదు. 1987-88లో లారీ బర్డ్ సీజన్ మొత్తానికి 237 మూడు పాయింట్ల షాట్లు వేసి 98 కొట్టాడు, 41.4 శాతం. 2015-16లో కర్రీ 886 వేసి 402 కొట్టాడు, 45.4 శాతం. "బర్డ్‌కి 886 ఇస్తే 367 కొట్టేవాడు" అని గుణించడం తప్పు. బర్డ్ వేసినవి ఎక్కువగా నిలబడి, తీరిగ్గా దొరికినవి. కర్రీ వేసినవాటిలో డ్రిబుల్ మీద నుంచి, మీదికి దూకే డిఫెండర్ ముందు వేసినవి బోలెడు. అలాంటి షాట్ 1988లో వేస్తే ఏ కోచ్ అయినా బెంచ్ మీద కూర్చోబెట్టేవాడు. వేయనివ్వని షాట్‌ను ఎవరూ సాధన చేయరు.

ఉంగరాల (ఛాంపియన్‌షిప్‌ల) లెక్క క్లుప్తంగా. రసెల్ 13 సీజన్లలో 11 గెలిచాడు. వచ్చినప్పుడు లీగ్‌లో 8 జట్లు, వెళ్లేటప్పటికి 14. 1957లో బోస్టన్ రెండు సిరీస్‌లు గెలిస్తే ఛాంపియన్, ఇప్పుడు నాలుగు గెలవాలి, అన్నీ ఏడు ఆటలవే. పూర్తి ఫ్రీ ఏజెన్సీ (ఒప్పందం ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు) 1988లో గానీ రాలేదు కాబట్టి మంచి జట్టు విడిపోయేది కాదు. ఇవన్నీ రసెల్‌కు కలిసొచ్చినవి. కలిసిరానిది, 8 జట్లంటే వంద లోపే ఉద్యోగాలు, కాబట్టి ప్రతి జట్టులోనూ గట్టివాళ్లే. సీజన్‌లో ఒకే ప్రత్యర్థిని పది సార్లకు పైగా ఎదుర్కోవాల్సి వచ్చేది, నీ ఆట వాళ్లకు కంఠతా వచ్చేసేది. 11ని 5గానో 6గానో మార్చి చెప్పే సూత్రం ఏదైనా ఉందని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇక కెరీర్ మొత్తాలు. కరీం అబ్దుల్ జబ్బార్ 38,387 పాయింట్లు, 1,560 ఆటల్లో. లెబ్రాన్ జేమ్స్ దాన్ని 2023 ఫిబ్రవరి 7న దాటాడు, అది అతని 1,410వ ఆట. కరీం కాలేజీ పూర్తి చేసి 22 ఏళ్లకు 1969లో వచ్చాడు, లెబ్రాన్ హైస్కూలు నుంచి నేరుగా 18 ఏళ్లకు వచ్చాడు. ఇక్కడ "నాలుగేళ్లు ఎక్కువ దొరికాయి" అనే వాదన ఆటల సంఖ్య ముందు నిలవదు. మూడు పాయింట్ల గీత వాదనకు మాత్రం బలం ఉంది. కరీం మొత్తం కెరీర్‌లో ఒక్కటే మూడు పాయింట్ల బుట్ట వేశాడు, లెబ్రాన్ ఆ రోజుకు 2,200 దాటి వేశాడు. ఒక్కోదానికి అదనపు పాయింట్ తీసేస్తే 2,200 చిల్లర పోతాయి. అతని సగటు 27 కాబట్టి వాటిని పూడ్చడానికి ఇంకో 80 ఆటలు కావాలి, 1,490 దగ్గర దాటేవాడు. అప్పటికీ కరీం కంటే 70 ఆటలు ముందే. పైగా అలా తీసేయడం కూడా పూర్తి న్యాయం కాదు. గీత లేకపోతే ఆ షాట్లలో చాలావాటిని లెబ్రాన్ అంత దూరం నుంచి వేసేవాడే కాదు, బంతి పట్టుకుని లోపలికి దూసుకెళ్లేవాడు. అక్కడ అతని శాతం ఇంకా ఎక్కువ.